కొలవని గాలి

నేను ఒక గాలి మీటరును. ఇత్తడి చట్రం, లోపల ఎనిమిది పలచటి రెక్కలు, పక్కన ఒక ముల్లు. గాలి తగిలితే తిరుగుతాను, లేకపోతే ఊరుకుంటాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. నా పేరు చెప్పి అబద్ధమాడటం మాత్రం మనుషులకు వెన్నతో పెట్టిన విద్య.

నా మొదటి కొలువు గోదావరి ఒడ్డున ఒక బొగ్గుగనిలో, గట్టయ్య చేతిలో. గని లోపలి గాలి కొలిచి, దారి మొదట్లోని పలక మీద సుద్దముక్కతో అంకె, తేదీ, తన పేరు రాయడం అతని పని. అది చూశాకే కార్మికులు లోపలికి పోతారు. ఒకరోజు మోకాలు నొప్పిగా ఉందని గట్టయ్య కొలవకుండానే నిన్నటి అంకె రాసేశాడు. నేను అతని జేబులోనే ఉన్నాను. లోపల పైకప్పు కూలి గాలిదారి పూడిపోయిందని ఎవరికీ తెలియదు. పలకను నమ్మి వెళ్ళిన ఓదెలు అనే కార్మికుడు గాలాడక తిరిగి రాలేదు. అందరూ కూలిన రాయినే తిట్టారు. గట్టయ్యను ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు.

రిటైరయ్యాక గాలి కొలవడానికి అతన్ని ఒక డిజైన్ ఆఫీసు పిలిచింది; నేనూ అతని జేబులోనే వెళ్ళాను. నగరం కింద మెట్రో సొరంగాలకు, స్టేషన్లకు గాలిదారులు గీసే ఆఫీసు అది. నేల మీది గాలినంతా పాడుచేసుకుని, నేల కిందికి మంచి గాలి పంపడానికి తలలు పట్టుకునే మనుషులను చూస్తే నాకు నవ్వొచ్చేది.

రైల్లో నిప్పు పుడితే ఫ్యాన్లు పొగను ఒకవైపు తోసేయాలి, జనం మంచి గాలిలో మెట్లెక్కాలి. మొదటి స్టేషన్ పరీక్ష రోజు ఇంజినీరు నిఖత్ గాలి సరిపోతుందన్న కాగితం మీద సంతకానికి పెన్ను తీసింది.

"చివరి మెట్ల కాడ కొలిచిన్రా బిడ్డా?" అన్నాడు గట్టయ్య.

"కంప్యూటర్ల లెక్క సరిపోయింది అంకుల్. ఆడ గూడ అంతే ఉంటది."

గట్టయ్య మొహం నల్లబడింది. "కొలవకుంట అంకె రాసి ఒక మనిషిని లోపలికి పంపిన నేను. ఓదెలు ఆని పేరు. ఇరవై ఏండ్లయింది, కండ్లు మూస్తే ఆడనే నిలవడుతడు. సంతకం పెట్టకు. నడువు."

ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి. చివరి మెట్ల ముందు అతను నన్ను పట్టుకుని చెయ్యి చాచాడు. నా రెక్కలు కదల్లేదు. అంత హోరులోనూ గాలి లేదు. గని గుర్తొచ్చి నాకు భయం వేసింది. కేబుళ్ళ కోసం తర్వాత కట్టిన గోడ గాలికి అడ్డుపడుతోందని నిఖత్‌కు అప్పుడు కనిపించింది. పెన్ను జేబులో పెట్టేసింది. గోడ పగలగొట్టించి, గాలిదారి మళ్ళీ గీసింది.

నెల తర్వాత అక్కడే నేను గిర్రున తిరిగాను. గట్టయ్య సుద్దముక్కతో గోడ మీద అంకె, తేదీ రాశాడు. పేరు దగ్గర చెయ్యి ఆగింది. చివరకు 'ఓదెలు' అని రాశాడు.

ఇప్పుడు గట్టయ్య లేడు. నేను ఆ స్టేషన్‌లోనే, దాని గాలిదారులు చూసుకునే నిఖత్ బల్ల మీద గాజుపెట్టెలో ఉన్నాను. పెట్టెలోకి గాలి చొరబడదు. అయినా ఒక్కోరోజు నా రెక్కలు ఒక చుట్టు తిరుగుతాయి. రైలు అదురుకి అంటారు చూసినవాళ్ళు. నిఖత్ మాత్రం నన్ను బయటికి తీసి, సుద్దముక్క జేబులో వేసుకుని, కొలవడానికి కిందికి దిగుతుంది.