నవ్వులపాలైన తిట్లు

దామోదర్ మిర్యాలగూడల పెండ్లి వీడియోలు తీసేటోడు. అవే తీసుకుంట కూసుంటే ఎవరికీ బాధ లేకుండె. కానీ సినిమా తీస్తనని బయల్దేరిండు. దాంట్ల హీరో లేడు, పాటల్లేవు, కొట్లాటల్లేవు. ఊర్ల మనుషులే, వాళ్ల తిక్కలే. వాన పడితే సైకిల్ తడుస్తదని నెత్తిమీద ఎత్తుకొని ఉరికే జంగయ్య, బర్రెకు పేపర్ సదివి వినిపించే రామనర్సయ్య, ఇగ రైస్‌మిల్లుల సేటును దులిపేసే పద్మమ్మ.

"నటించకక్కా, రోజూ ఎట్ల తిడతవో గట్లనే తిట్టు," అన్నడు దామోదర్.

పద్మమ్మ తిట్టింది నిజంగనే. మిల్లుల పెద్ద బెల్టు గిర్రున తిరుగుతుంటది. దాని పక్కనే ఆడోళ్లు వంగి నూకలు ఊడ్వాలె. అడ్డం ఒక ఇనుప జాలి బిగించమని ఏండ్ల నుంచి అడుగుతున్నది. సేటు చంద్రమౌళి ఏనాడు వినలె. కెమెరా ముందట గదే కడుపుమంట కక్కింది.

"నీ నెత్తిన ఊక వొయ్య సేటూ, నీ కారు కిటికీలకు తెరలు కుట్టిస్తివి, ఈ బెల్టుకు గజం జాలి కొనవైతివి. నీ మీసాలు దీంట్ల వడి ఊడిరాను."

వీడియో హాల్ల జనం పొట్టలు పట్టుకొని నవ్విండ్రు. కోదాడల నవ్విండ్రు, సూర్యాపేటల నవ్విండ్రు. సేటు అందరికంటె ఎక్కువ నవ్విండు. పద్మమ్మ బస్సెక్కితే చాలు, "మీసాల మాట ఒక్కసారి అనవా" అని జనం వెంటబడుడే. జాలి సంగతి ఒక్కడన్న అడిగిండా? అడగలె.

సినిమా వచ్చిన నెలకే మంగ్లీ కొంగును బెల్టు గుంజుకున్నది. మంగ్లీది వేములపల్లి దిక్కు తండా, పద్మమ్మతోని కలిసి ఊడ్చే పిల్ల. చీర పాతది గనుక సర్రున చినిగింది, పానం దక్కింది. చెయ్యి మాత్రం మోచేతి దాక తోలు లేచిపోయింది.

పద్మమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. చినిగిన కొంగు పట్టుకొని సేటు ఆఫీసు రూములకు పోయింది. "సేటూ, పిల్ల సచ్చిపోతుండె..." అన్నదో లేదో, సేటు పక్కనున్న బామ్మర్దిని మోచేత్తో పొడిచిండు.

"గీమెనే సినిమాల ఆమె. సూడు, ఇప్పుడు మీసాలంటది."

బామ్మర్ది కిసకిస నవ్విండు. పద్మమ్మ గొంతు పెంచింది, నవ్వు ఇంకింత పెరిగింది. దర్వాజ కాడ నిలవడ్డ హమాలీలు కూడ నవ్విండ్రు. వాళ్లు ఆమె చేతి చాయ్ తాగినోళ్లే.

పద్మమ్మ సీదా దామోదర్ దుకాణానికి పోయింది. "నా కోపాన్ని ఏం చేసినవ్ రా? జర సెప్పు."

"అక్కా, రెండో భాగం తీయమని సూర్యాపేటోళ్లు ఒక్కటే పోరు," అన్నడు వాడు, కుర్చీ ముందలకు జరుపుకుంట. కుర్చీని ఒక్క తన్ను తన్ని వచ్చేసింది.

తెల్లారి మిల్లు షురువు కాంగనే పోయి మెయిన్ స్విచ్ గుంజేసింది. స్విచ్‌కు వీపు ఆనించి నిలవడ్డది. ఊడ్చే ఆడోళ్లంత వచ్చి ఆమె కాళ్ల కాడ కూసున్నరు. హమాలీలు పండ్లికిలించుకుంట జమైండ్రు. సేటు వచ్చిండు.

"కానియ్యి పద్మమ్మా, మొదలువెట్టు."

ఆమె నోరు తెరవలె. నాలిక మీద తిట్లు సలసల కాగుతున్నయి. ఒక్కటి బయటవడ్డా వీళ్లు నవ్వుతరు, నవ్వుకుంటనే స్విచ్ ఏస్తరు. గా సంగతి ఆమెకు ఎరుకే. పండ్లు గట్టిగ కరుసుకున్నది.

పొద్దెక్కింది. గేటు బయట వడ్ల లారీలు ఆగిపోయినయి. ఎవరి మొఖాన నవ్వు లేదు.

"ఏందే, ఏమన్న అను," అన్నడు సేటు. ఈసారి గొంతుల బతిమాలుడు ఉండె.

పద్మమ్మకు బదులు మంగ్లీ కట్టు గట్టిన చెయ్యి బెల్టు దిక్కు చూపెట్టింది. "జాలి."

పొద్దుగూకే యాళ్లకు సేటు ఇనుప జాలి తెప్పిచ్చిండు. బోల్టులు బిగించేదాక పద్మమ్మ కదలలె. బిగించినంక పక్కకు జరిగి, ఎవరి దిక్కు సూడకుండ బయటికి నడిసింది. మంగ్లీ వెనకాల ఉరికింది.

"గెలిసినం కదక్కా, ఏడుస్తున్నవేంది?"

"ఏడుపు కాదే, కోపం. నోట్లెకెల్లి పోనిస్తే నవ్వుతున్నరు. ఇగ ఏడికెల్లి పోవాలె?"