రెండు చుక్కల అవతల

తొమ్మిదో నెల పొట్టతో ప్రోగ్రామరమ్మ టీకాల ఫ్రిజ్‌ల వేడి చూసే ప్రోగ్రాములోని ఒకే వరుస గురించి పొద్దుటినుంచీ చెబుతోంది. వినేది టీకాల స్టోరు చూసుకునే పిన్ని. ఆవిడ ఎవరికీ సొంత పిన్ని కాదు, ఆసుపత్రి మొత్తానికీ పిన్నే. సాయంత్రంలోగా ఈ ప్రోగ్రాము ఆవిడకు నేర్పి అప్పగిస్తేనే సెలవు కాగితం మీద సంతకం పెడతానని పెద్దడాక్టరు తేల్చేశాడు. ఇవతల చెప్పులు పట్టనంతగా కాళ్లు వాచిపోయాయి. ఆయనకేం, చెప్పి వెళ్లిపోయాడు.

తెర మీద ఉన్న వరుస ఇది:

వేడి > 8 ? "వేడెక్కింది" : "బాగుంది"

"ముందు షరతు పిన్నీ. ఫ్రిజ్‌లో వేడి ఎనిమిది డిగ్రీలు దాటిందా అని అడుగుతున్నాం. అవునంటే ప్రశ్నార్థకం పక్కనున్న జవాబు వస్తుంది. కాదంటే ఈ రెండు చుక్కల పక్కనున్నది వస్తుంది. అంతే."

"దీన్నే విడమరిచి రాసుకోవచ్చుగా?"

"రాయొచ్చు. అయిదు వరుసలవుతుంది. నేను ఒక్కదాంట్లోకి కుదించాను."

అలా కుదించినందుకు ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు కూడా. పిన్ని మాత్రం మెచ్చుకోకుండా పెన్సిలు చెక్కుకుంది.

"పది డిగ్రీలుంటే?"

"వేడెక్కింది."

"నాలుగుంటే?"

"బాగుంది."

"సరిగ్గా ఎనిమిదే ఉంటే?"

"దాటలేదుగా. బాగుంది."

"అసలు అంకే లేకపోతే?"

పిన్ని ఈ ప్రశ్న అడగడం ఇది నాలుగోసారి. ప్రోగ్రామరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. నడుము ఒకపక్క లాగేస్తోంది, గోడ మీద గడియారం మూడు దాటింది.

"ఎందుకుండదు పిన్నీ? అయితే ఇది, కాకపోతే అది. మూడోది లేదు. చిన్నపిల్లలకైనా ఈపాటికి అర్థమయ్యేది." అనేసి నాలుక కరుచుకుంది.

పిన్ని తన పుస్తకం ముందుకు జరిపింది. "తెలియకే అడుగుతున్నానమ్మా. మూడో ఫ్రిజ్ థర్మామీటరు మీద సోమవారం నుంచి అంకె కనబడటం లేదు. నీ తెర మీద చూస్తే బాగుంది అనే వస్తోంది. నాకంటే దానికే ఎక్కువ తెలుసు కదా అని నేనూ అదే రాసుకున్నా."

ఆ రోజు గురువారం.

ప్రోగ్రామరమ్మ వెంటనే వేడి అంకె ఉండాల్సిన చోట ఏమీ ఇవ్వకుండా ఖాళీగా వదిలి మీట నొక్కింది. తెర మీద "బాగుంది" అని వచ్చింది. ఖాళీ అనేది ఎనిమిదికంటే ఎక్కువ కాదు కాబట్టి యంత్రం సిగ్గులేకుండా రెండు చుక్కల అవతలికి పోయింది.

బల్ల పట్టుకుని లేచి, పిన్ని వెంట స్టోర్లోకి నడిచింది. మూడో ఫ్రిజ్ తలుపు తెరిస్తే చల్లదనమే లేదు, లోపలా బయటా ఒకే గాలి. మూడు అరల నిండా నెలల పిల్లల టీకాలు.

"ఇందులోవి ఎవరికైనా వేశారా?" అని అడిగింది.

"లేదమ్మా. రేపు పొద్దున మొదలు."

అక్కడే స్టూలు మీద కూలబడింది. తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. పిన్ని పెట్టెలు ఒక్కొక్కటే బయటికి తీస్తోంది.

ఫోను మోగింది. పెద్దడాక్టరు. "ఏమ్మా, పిన్నికి అర్థమైందా? సంతకం పెట్టేయనా?"

"ఆవిడకు ఎప్పుడో అర్థమైంది సార్. అర్థం కానిది నాకే. సంతకం ఇప్పుడే పెట్టకండి."