కంచె పక్కన ఆదివారం

ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్ళ గుడిసెల గేటు దగ్గర, కాపలావాడి కళ్ళెదుట, మొగుడూ పెళ్ళాం కూర్చోవచ్చు. అంతకు మించి, యుద్ధం కోసం సర్కారు గుట్టుగా కట్టిస్తున్న ఈ ఊళ్ళో నల్లవాళ్ళ కాపురానికి చోటు లేదు. నా మొగుడు థర్మన్ గుడిసె మగవాళ్ళ వైపు. నాది ముళ్ళకంచె లోపల. అతడు కాంక్రీటు పోస్తాడు, నేను పెద్ద యంత్రశాల ఊడుస్తాను. అక్కడ ఏం తయారవుతుందో ఇద్దరికీ తెలియదు.

"ఏమే ఓజెల్లా, ముఖం అలా పీక్కుపోయిందేం? చీపురే నిన్ను ఊడ్చిందా?"

"నీ సంగతి చూసుకో. సిమెంటు బస్తాకు కాళ్ళొచ్చినట్టున్నావు."

నవ్వాడు. నవ్వడానికీ ఓపిక కావాలి. అతడి ఓపిక సగం నవ్వుకే అయిపోయింది.

నా కడుపు బయటపడిన రోజున నన్ను పంపించేస్తారు; మా గుడిసెల్లో పసిపిల్లలకు చోటు లేదు. ఆలోగా నాకొక్కటి తెలియాలి: అలబామాలో మా ఇంటికి అతడు నాతో వస్తాడా?

"నీకొకటి చెప్పాలి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు," అన్నాను గొంతు తగ్గించి.

చప్పున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు. లోపల ఏం చూశావో నాకొద్దు. మొన్న మా గుడిసెలో రూఫస్ పని సంగతి ఏదో వాగాడు, తెల్లారేసరికి వాడి మంచం ఖాళీ."

"పని సంగతి కాదయ్యా..."

"వినను గాక వినను." చెవులు మూసుకుని చర్చి పాట అందుకున్నాడు.

వాదించే శక్తి నాలో లేదు. అతడి చెయ్యి లాగి నా పొట్ట మీద పెట్టుకున్నాను.

పాట ఆగింది. అతడు వేళ్ళు విప్పి అరచెయ్యి నిండా ఆనించాడు.

"నాతో వస్తావా?" అన్నాను.

"ఈ పని వదిలానంటే సైన్యం పట్టుకుపోతుంది. సముద్రం దాటించి యుద్ధంలోకి తోస్తారు." కంచె వైపు ఓసారి చూశాడు. "అయినా నువ్వు రమ్మంటే వస్తానే."

వారమంతా నేను కాచుకున్నది ఆ మాటకే. తీరా విన్నాక అది నా ఒళ్ళో రాయిలా కూర్చుంది.

"రావద్దు," అన్నాను. "నువ్విక్కడ ఏం కడుతున్నావో బిడ్డకు చెప్పలేను. బతికున్నావనైనా చెప్పనీ."

అతడు తల వంచాడు. గేటు దగ్గరి కాపలావాడు వేళయిందని అరిచాడు. మళ్ళీ అరిచాడు.

"వినబడిందయ్యా," అన్నాడు థర్మన్. చెయ్యి మాత్రం తీయలేదు.