మలుపు దగ్గర రెండో గీత

సర్వేయరమ్మకి పొద్దున్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. రేవు కాలువ లోతు కొలిచి, పటం మీద సంతకం పెట్టి రెండు రోజులైంది. ఆ పటాన్ని నమ్మి మధ్యాహ్నం పెద్ద ఓడ లోపలికి వస్తోంది. దాన్ని దారి చూపి తెచ్చే పైలట్ స్వయానా ఆమె అక్క మొగుడు.

పడవ అడుగున బిగించిన పరికరం నీళ్లలోకి శబ్దం వదులుతుంది. అది సముద్రపు అడుగుని తాకి తిరిగొచ్చేందుకు పట్టిన సమయాన్ని బట్టి లోతు తెలుస్తుంది. రాయి అయితే శబ్దాన్ని గట్టిగా తిప్పికొడుతుంది. మెత్తటి బురద చాలావరకు మింగేసి, మిగిలింది నీరసంగా పంపుతుంది. ఆవేళ మలుపు దగ్గర తెరమీద రెండు గీతలు పడ్డాయి. కింద ముదురుగా ఒకటి, రెండు మీటర్ల పైన పలచగా ఇంకొకటి. పైది చేపల గుంపనుకుని చెరిపేసింది.

ఇప్పుడు అసలు రికార్డులు తిరగేస్తే, మర్నాటి కొలతలోనూ అదే చోట అదే గీత. చేపలు ఒకేచోట కాపురం పెడతాయా?

అన్నానికి కూర్చోబోతున్న, పడవ నడిపే సరంగుని లేపి పడవెక్కించింది. దారిపొడుగునా అతను, అవి చేపలేనమ్మా అని సణుగుతూనే ఉన్నాడు. మలుపు దగ్గర తాడుకి ఇనప గొట్టం కట్టి, పై గీత పడ్డ లోతు దాకా దించారు. పైకి లాగితే గొట్టం నిండా బూడిదరంగు బురద.

"ఇవేం చేపలమ్మా?" అన్నాడు సరంగు, సణుగుడు మానేసి.

రేవు అధికారికి ఫోన్ చేస్తే, సంతకం పెట్టినప్పుడు కళ్లెక్కడున్నాయని విసుక్కున్నాడు. ఓడ కాలువ మొగ దాకా వచ్చేసిందట. ఇక ఆయనతో వాదన పెట్టుకోలేదు. రేడియో అందుకుంది.

"బావా, లోపలికి రాకు. నా పటం తప్పు."

గరగర మధ్య బావ గొంతు వినబడింది.

"ఎంత తప్పు?"

"రెండు మీటర్లు. మలుపు దగ్గర అంత మేర బురద పేరుకుంది."

ఆయన ఓడని వెనక్కి మళ్లించి, బయట సముద్రంలో లంగరు వేయించాడు.

సాయంత్రం లోపే మెమో ఆమె బల్లమీదికొచ్చింది, విచారణ అయ్యేదాకా కొలతల పని చేయకూడదని. బురద తవ్వడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. బావ తిన్నగా ఆఫీసుకే వచ్చి, ఆ గీత చూపించమన్నాడు. చాలాసేపు తేరిపార చూశాడు.

"నేనైనా చేపలనే అనుకునేవాణ్ణి," అన్నాడు.

ఆ మాట ఆమెకి ఊరటనివ్వలేదు. ఆయన వెళ్లగానే కుర్చీ ముందుకి జరుపుకుంది. ఆ కాలువలో తాను చెరిపేసిన పలచటి గీతలు ఇంకా పదకొండున్నాయి. మొదటిది తెరిచింది.