మెత్తపొడి

ఉదయం ఆరింటికి రొట్టెల ఫ్యాక్టరీ గేటు తీసేసరికి రొట్టెలక్క అప్పటికే అక్కడ నిలబడి ఉండేది. పంతొమ్మిదేళ్ళుగా అదే వరస. జుట్టుకి గుడ్డ కట్టుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, మొదటి బస్తా మూతి విప్పి పిండిని మిక్సర్ తొట్టిలోకి వంచేది. ఆమె అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. నలభై రెండేళ్ళ మనిషి. బస్తా భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే మగవాళ్ళు పక్కకి తప్పుకునేవాళ్ళు. జలుబని, ఒళ్ళునొప్పులని ఏనాడూ సెలవు పెట్టి ఎరగదు.

అలాంటి మనిషికి కిందటేడు తుమ్ములు మొదలయ్యాయి.

ఆమె తుమ్మితే చుట్టూ ఉన్న గాలి విడిపోయేది. అందులో ఏమేం తేలుతున్నాయో అవన్నీ దేనికది వేరై, ఎదురుగా బల్ల మీదో నేల మీదో చిన్న చిన్న కుప్పలుగా దిగేవి. తెల్లగా పిండి ఒక కుప్ప. పొయ్యిల మసి ఒకటి. గోనెసంచుల పీచు ఒకటి. చివర్న లేత పసుపు రంగులో, వేలికి అంటుకుంటే ఓ పట్టాన వదలని పొడి ఒకటి. ఊడ్చే అవ్వకి ఇది బాగానే కలిసొచ్చింది. "ఏమే, కాస్త ఇటు తిరిగి తుమ్మవే. ఆ మూలకి నా చీపురు అందడంలేదు," అనేది.

ఆ పసుపు పొడి ఎక్కడిదో అందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట కొత్త మేనేజరు వస్తూనే రెండు పనులు చేశాడు. వీధి దుమ్ము రొట్టెల మీద పడుతోందని కిటికీలన్నీ బిగించేశాడు. రొట్టె పది రోజులైనా గట్టిపడకూడదని డ్రమ్ములతో ఒక పొడి తెప్పించాడు. డ్రమ్ము మీద నంబరే తప్ప పేరు లేదు. పనివాళ్ళే దానికి మెత్తపొడి అని పేరు పెట్టుకున్నారు. బస్తాకో గరిటెడు. వేసినప్పుడల్లా పొగలా లేచి, బయటికి పోయే దారిలేక, మనుషుల ముక్కుల్లో దారి వెతుక్కునేది.

ఎండలు ముదిరేసరికి తుమ్ములకి పిల్లికూతలు తోడయ్యాయి. ఛాతీలో ఎవరో కూర్చుని ఈల వేస్తున్నట్టుండేది. ఆదివారం ఇంట్లో ఉంటే హాయిగా ఉండేది. సోమవారం తొట్టి దగ్గరికి వెళ్ళగానే కళ్ళు ఎర్రబడేవి, ఊపిరి సగంలో ఆగేది.

మేనేజరు పిలిపించాడు. "నీ కుప్పలతో నేలంతా పాడవుతోంది. గోడ మీద గాలి మీటరు చూడు, పచ్చదీపం వెలుగుతోంది. గాలిలో ఏమీ లేదు. ఉన్నదల్లా నీ ఒంట్లోనే."

"పంతొమ్మిదేళ్ళు లేనిది నా ఒంట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చింది సార్?" అని అడిగింది రొట్టెలక్క.

ఆయన ఆమెని కంపెనీ డాక్టరు దగ్గరికి పంపాడు. జవాబు ఆ డాక్టరు చెప్పాడు, కాగితం మీద. ఆమె ఛాతీ మీద గొట్టమైనా పెట్టకుండా, 'స్వభావరీత్యా సున్నితమైన శరీరం, ఈ పనికి తగదు' అని రాసి సంతకం పెట్టాడు. మర్నాడు గేటు దగ్గర ఆమెని ఆపేశారు.

ఆ కాగితాన్ని ఆమె దారిపొడుగునా చదువుకుంది. సున్నితమట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, గాలిని చెడగొట్టినవాళ్ళు ముక్కుకి వంక పెట్టారు. పని పోయినందుకు వచ్చిన ఏడుపు ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి కోపంగా మారిపోయింది.

పెద్దాసుపత్రిలో ఛాతీ డాక్టరమ్మ ఉంది. మాట కటువు, చెయ్యి మెత్తన. ముంజేతి మీద వరసగా చుక్కలు పెట్టి, సూదితో చిన్నగా గీరి, పావుగంట కూర్చోమంది. పిండి చుక్క దగ్గర కందిగింజంత దద్దురు లేచింది. ఇంకో చుక్క దగ్గర లేచింది మాత్రం చొక్కా గుండీ అంత ఉంది.

"ఇది బూజు నుంచి తీసే పొడి. రొట్టె మెత్తగా ఉండటానికి వాడతారు. మీ దగ్గర వాడుతున్నారా?"

రొట్టెలక్క కొంగు ముడి విప్పి, ఆఖరి రోజు తుమ్మిన పసుపు కుప్ప పొట్లాన్ని చూపించింది. డాక్టరమ్మ చూసి తలాడించింది.

"ఇన్నేళ్ళు ఏమీ కానిది ఇప్పుడెందుకమ్మా?"

"పెద్దయ్యాక రాకూడదని రూలేమీ లేదు. లోపలికొచ్చే ప్రతిదాన్నీ ఒళ్ళు గమనిస్తూనే ఉంటుంది. నెలలూ ఏళ్ళూ ఊరుకుని, ఒకనాడు ఇది శత్రువని తీర్మానించుకుంటుంది. ఇరవైలో కావచ్చు, అరవైలో కావచ్చు. గాలిలో ఎంత ఎక్కువుంటే అంత తొందరగా. ఒకసారి తీర్మానించుకున్నాక మర్చిపోవడం కష్టం."

బయట బెంచీ నిండిపోయి జనం గోడవారన నిలబడి ఉన్నారు. రొట్టెలక్క వాళ్ళకేసి చూసి, "అయితే మనుషులే సున్నితమైపోయారంటారా?" అంది.

"ఆ మాట అనేవాళ్ళకి సుఖం," అంది డాక్టరమ్మ. "నేను ఉద్యోగంలో చేరినప్పుడు వారానికి ఒకరిద్దరు వచ్చేవాళ్ళు. ఇప్పుడు చూస్తున్నావుగా. ఎందుకో అంతా తెలిసిపోయిందని చెప్పను. పిల్లలు మట్టి తగలకుండా మూసిన గదుల్లో పెరుగుతున్నారు. ప్రతి జలుబుకీ మందు పోస్తున్నాం. ఏది శత్రువో ఏది చుట్టమో ఒళ్ళు నేర్చుకునేదెప్పుడు? వేడి పెరిగి పుప్పొడి ఎక్కువ రోజులు గాలిలో ఉంటోంది. బండ్ల పొగ ముక్కు లోపలి పొరని గీరిపెడుతోంది. ఆపైన ఏటా కొత్త కొత్త పొడులు. నీ విషయంలో మాత్రం అంత దూరం వెళ్ళక్కర్లేదు. ఆ డ్రమ్ము దగ్గర ఆగితే చాలు."

అటునుంచి అటే వెళ్ళి రొట్టెలక్క కార్మిక శాఖలో అర్జీ ఇచ్చింది.

ఆమె ఉండే ఇంటి పై వాటాలోనే చెల్లెలు ఉంటుంది. ఎనిమిదేళ్ళ కిందట తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఫ్యాక్టరీలో ప్యాకింగులో పెట్టించింది. విచారణ తేదీ ఖాయమైన సాయంత్రం చెల్లెలు సగం మెట్లు దిగి ఆగింది.

"అక్కా, ఆ అర్జీ వెనక్కి తీసుకోకూడదూ?"

"ఎందుకు తీసుకోవాలి?"

"గాలి శుభ్రంగానే ఉందని నన్ను చెప్పమంటున్నారు. చెప్తే సూపర్‌వైజర్‌ని చేస్తారట. చెప్పకపోతే ఏం చేస్తారో నీకు తెలుసు. తుమ్మితే ఊడే ముక్కులే కదా మన ఉద్యోగాలు."

"నాది ఊడిందిగా. చూసి కూడా అలా చెప్తావా?"

చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పైకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వారం రోజులు ఒకే మెట్ల మీద ఎదురుపడి కూడా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

విచారణ ఫ్యాక్టరీ పై అంతస్తులో జరిగింది. పొడవాటి అద్దాల బల్లకి ఒక చివర కార్మిక శాఖ అధికారిణి, ఇటు మేనేజరు, కంపెనీ డాక్టరు, అటు అక్కాచెల్లెళ్ళు. కింది గాలే గొట్టాల్లోంచి ఈ గదిలోకీ వస్తుంది. అందుకేనేమో మేనేజరు పొద్దున్నే గదంతా సెంటు కొట్టించాడు.

"మీరు తుమ్మితే తెలిసిపోతుందని అర్జీలో రాశారు," అంది అధికారిణి. "కానివ్వండి."

రొట్టెలక్క గట్టిగా గాలి పీల్చింది. రాలేదు. మూడు వారాలుగా డాక్టరమ్మ మాత్రలు వేసుకుంటోంది, పిండికి దూరంగా ఉంది. ముక్కు నలుపుకుంది, దీపంకేసి చూసింది. వద్దన్నంత కాలం రోజుకి పాతికసార్లు వచ్చిన తుమ్ము, రమ్మంటే ముఖం చాటేసింది. మేనేజరు చిన్నగా నవ్వి, మీటరు లెక్కల కాగితం ముందుకి జరిపాడు. కంపెనీ డాక్టరు తన సర్టిఫికెట్ దాని పక్కన పెట్టాడు.

"నువ్వు చెప్పమ్మా," అంది అధికారిణి, చెల్లెలితో.

చెల్లెలు లేచింది. అక్క వైపు చూడలేదు. "గాలి శుభ్రంగానే ఉంటుంది మేడమ్. ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాను. నాకైతే ఇంతవరకూ ఏమీ..."

కొంగు అందేలోపే తుమ్మేసింది.

గాలి విడిపోయింది. సెంటు ముందుగా చుక్కలు చుక్కలుగా రాలింది. పిండి ఒక చిటికెడు, మసి ఒక చిటికెడు. పసుపు పొడి మాత్రం నిదానంగా వచ్చి, సరిగ్గా కంపెనీ డాక్టరు సంతకం మీద పోగైంది. అంతా కలిపి ఆవగింజలంత కుప్పలు. అక్క కుప్పల ముందు పసికూనలు.

అధికారిణి కళ్ళజోడు సవరించుకుంది. "ఎన్నాళ్ళుగా?"

"పది రోజులైంది," అంది చెల్లెలు, వినీ వినపడనట్టు. "కొంగుతో తుడిచేస్తున్నాను. ఎవరూ చూడకుండా."

రొట్టెలక్కకి మెట్ల మీద చెల్లెలు నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు అప్పుడు అర్థమైంది. వారం రోజులుగా చెల్లెలి మీద దాచుకున్న కోపమంతా ఒక్కసారిగా ముఖం తిప్పుకుని బల్లకి అవతల ఉన్నవాళ్ళ మీదికి వెళ్ళింది. ఒక మనిషి తన తుమ్ముని దొంగసొమ్ములా కొంగులో దాచుకుని బతకాలా?

లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "మా చెల్లెలికి ముప్పై ఏళ్ళు సార్. దీని ఒళ్ళు కూడా స్వభావరీత్యా సున్నితమేనా? ఊడ్చే అవ్వకి వస్తే అదీ సున్నితమేనా? మీ ఫ్యాక్టరీలో ఎంతమంది సున్నితమైతే ఆ డ్రమ్ముకి మూత పెడతారు?"

ఎవరూ ఏమీ అనకముందే మేనేజరు కోటు భుజాలు దులుపుకున్నాడు. గుమ్మడికాయ దొంగ ఎవరని ఆ గదిలో ఇక అడగాల్సిన పని లేకపోయింది. కంపెనీ డాక్టరు తన కాగితం తీసుకోబోయాడు. "అలాగే ఉండనివ్వండి," అని అధికారిణి ఆ కాగితాన్ని పొడితో సహా మడిచి, పైన తేదీ వేసుకుంది. చెల్లెలు కూర్చుని, డ్రమ్ములు ఎక్కడ పెడతారో, రోజుకి ఎన్ని విప్పుతారో ఒక్కొక్కటే చెప్పింది.

నెల తిరక్కుండా కిటికీలు తెరుచుకున్నాయి. మెత్తపొడి మూసిన గొట్టంలోంచి నేరుగా తొట్టిలోకి వెళ్ళేలా చేయించాల్సి వచ్చింది. రొట్టెలక్కని మళ్ళీ పనిలోకి రమ్మన్నారు, సర్టిఫికెట్ కూడా రద్దు చేశారు. కానీ ఛాతీ డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "వాళ్ళు కాగితం కొట్టేస్తారు. నీ ఒళ్ళు కొట్టెయ్యదు," అంది. రొట్టెలక్క ఇప్పుడు నీళ్ళ బిల్లుల ఆఫీసులో టోకెన్లు ఇస్తోంది. రొట్టెల దుకాణం ఎదురైతే రోడ్డు దాటి అవతల నడుస్తుంది. తనకి వచ్చిన పనిని, ఇష్టమైన పనిని చూసి అలా తప్పుకోవాల్సి వచ్చినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండుతుంది. అది చల్లారాలని ఆమె కోరుకోవడం లేదు కూడా.

చెల్లెల్ని పిండి గాలి తగలని లోడింగు వైపు మార్చారు. "తొందరగా బయటపడింది. ఒళ్ళు ఇంకా పూర్తిగా తీర్మానించుకోలేదనుకుంటా, చూద్దాం," అంది డాక్టరమ్మ.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతుంటే చెల్లెలికి తుమ్ము వచ్చింది. అలవాటుగా కొంగు అందుకోబోయింది. అక్క ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. చెల్లెలు బాహాటంగా, గట్టిగా తుమ్మింది.

ఇద్దరూ మెట్టు మీదికి వంగారు. రొట్టెలక్క అరచేత్తో నెమ్మదిగా నిమిరి చూసింది. పొడి లేదు, మసి లేదు, ఏమీ లేదు. ఉత్త తుమ్ము.

అయినా నమ్మకం చాలక చెల్లెలి కొంగు కూడా దులిపి చూసింది.

"ఏదీ, ఇంకోసారి తుమ్ము," అంది.