శాంపిల్ మిర్చి

తొడిమలు తీసీ తీసీ లావణ్య వేళ్లు భగభగ మండుతున్నాయి. కళ్లు తుడుచుకుందామంటే చేతినిండా కారం. ఎల్లుండి క్రిమినాలజీ పరీక్ష. పక్కన తెరిచిపెట్టిన పుస్తకంలో పేజీని మోచేత్తో తిప్పుకుంటోంది, ఏం బతుకో. "పుస్తకం ముందలేసుకుంటే తొడిమలు వాటంతట అవే ఊడుతయా?" అని అత్త నిర్మల పొద్దుటి నుంచి రెండుసార్లు అంది. మూడోసారికి ఇంకా టైముంది.

పెళ్లయ్యాక పట్టుబట్టి బి.ఏ.లో చేరింది. సోషియాలజీ, క్రిమినాలజీ రెండూ కలిపి తీసుకుందని తెలిసిన రోజు మొగుడు ఉదయ్ మట్టెవాడ వీధంతా వినబడేలా నవ్వాడు. "ఒకటేమో బీదోళ్ల మీద జాలిపడుమంటది, ఇంకోటేమో వాళ్లనే పట్టుకొమ్మంటది. రెండు సదివి ఏం జేస్తవే?" రెండేళ్లయినా ఆ మాట ఇంట్లో ఇంకా నవ్వులాటే. వంట, బట్టలు, దుకాణానికి పంపే టిఫిన్ డబ్బాలు అన్నీ అయ్యాక మిగిలిందే ఆమె చదువు. ఆ మిగిలిన కాస్త మీద కూడా అందరి కళ్లే.

ఈ మిర్చి కొన్నది కాదు. మామ ఓంప్రకాశ్‌ది మార్కెట్ యార్డులో మిర్చి అడ్తి దుకాణం, రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెడతాడు. రైతు బస్తా విప్పగానే సరుకు ఎట్లుందో చూడాలని గుప్పెళ్లకొద్దీ తీస్తారు. తీసింది మళ్లీ బస్తాలో పడదు. దాని పేరు శాంపిల్. ఇంటికి ఏడాది కారం, చుట్టాలకు పచ్చళ్లు అన్నీ ఆ శాంపిల్‌తోనే. రైతు వద్దన్నా ఆగదు. అడిగితే రివాజు అంటారు.

మధ్యాహ్నం మామ, ఉదయ్ ముఖాలు మాడ్చుకుని తిండికొచ్చారు. దుకాణం ముందు ఊడ్చే సమ్మమ్మ, కింద రాలిన మిర్చిని కొంగులో మూటగట్టుకుని పోతుంటే పట్టుకున్నారట.

"కోడలా, నువ్వు సదివేది గదే గద. పోలీసోళ్లకు జర మంచిగ ఫిర్యాదు రాయి. దాన్ని జూసి ఇంకొకతి భయపడాలె," అన్నాడు మామ.

రెండేళ్లలో ఆమె చదువుతో ఆ ఇంటికి పనిబడడం ఇదే మొదలు. అదీ ఇందుకా అని ఆమెకు ఏడుపొచ్చింది.

"కింద రాలినయే గద మామయ్యా."

"రాలినా దొంగతనం దొంగతనమే."

ఉదయ్ కంచంలోంచి తలెత్తలేదు. "రాయకుంటే రేపటి సంది కాలేజి బందు. పరీక్షా లేదు గిరీక్షా లేదు."

"సదవేస్తే ఉన్న మతి పోయిందట," అంటూ అత్త పెరుగు వడ్డించింది.

లావణ్య చేతులు కడుక్కుని కాగితం ముందు కూర్చుంది. ఒకరి సొత్తును వాళ్లు ఒప్పుకోకుండా తీసుకుంటే దొంగతనమని ఒక పుస్తకంలో ఉంది. ఎవరు తీస్తే దొంగతనమంటారో, ఎవరు తీస్తే రివాజంటారో చూడమని రెండో పుస్తకం అంటుంది. ఇన్నాళ్లూ వేర్వేరుగా బట్టీపట్టింది, మొద్దు. రాయకపోతే చదువు పోతుంది. వాళ్లు చెప్పినట్టే రాస్తే సమ్మమ్మ పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతుంది, ఆ తర్వాత ఆమెకు యార్డులో ఏ దుకాణమూ పని ఇవ్వదు. తనకు తోచినట్టు రాసినా చదువు పోవచ్చు. పోనీ. చదివినందుకు ఒక్కసారైనా చదివినట్టు రాయాలి కదా. నింపాదిగా, కొట్టివేతలు లేకుండా రాసింది.

మామ చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. "దాని పేరు రాసినవా?"

"రాసిన మామయ్యా. పైన మన పేరు గూడ రాసిన. మనదే పెద్ద మూట గద."