పళ్ళ మీద పచ్చ స్టిక్కరు

పళ్ళ డాక్టరుకి రోగులందరి మీదా జాలే, ఒక్క రకం వాళ్ళ మీద తప్ప. నొప్పితో మెలికలు తిరిగేవాళ్ళనీ, కుర్చీ ఎక్కగానే కళ్ళు గట్టిగా మూసుకునేవాళ్ళనీ ఎంతో ఓపిగ్గా చూసేవాడు. "ఇంకో డాక్టరుకి కూడా ఒకసారి చూపించుకుంటానండీ" అన్నారో, ఆయనకి ఒళ్ళు మండిపోయేది. గోడ మీద వరసగా వేలాడే సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ చూపించి, అవతలివాడు సిగ్గుపడి నోరు తెరిచేదాకా వదిలేవాడు కాదు.

అదే వీధి చివర కొట్టు పెట్టుకున్న దర్జీకి సరిగ్గా ఇదే జరిగింది. తలుపు తగిలి పైన ముందుపన్ను నొప్పెడుతోందని వచ్చాడు పాపం. డాక్టరు ఎక్స్‌రే తీసి, పంటి వేరుకి అడ్డంగా పోతున్న సన్నటి గీతని స్క్రీను మీద చూపించాడు.

"వేరు పగిలింది. తీసెయ్యాల్సిందే."

"నేను దారం కొరికేది ఆ పంటితోనేనండీ. ఇంకెవరికైనా ఒకసారి చూపించి..."

"ఏమయ్యా, నువ్వు కుట్టిన చొక్కా ఇంకో దర్జీ దగ్గరికి పట్టుకెళ్ళి, బాగా కుట్టాడా అని నేనడిగితే నీకెలా ఉంటుంది?"

నిజానికి దర్జీకి ఏమీ ఉండదు. చొక్కా విప్పి మళ్ళీ కుట్టొచ్చు కదా. కానీ అన్ని సర్టిఫికెట్ల ముందు ఆ మాట అనడానికి నోరు రాలేదు, నోరు తెరవడానికి మాత్రం వచ్చింది. పన్ను పట్టకారులోకి వచ్చేసరికి బయట కొరియరువాడు బెల్లు కొట్టాడు. డాక్టరు దాని వంకైనా చూడకుండా ట్రేలో పడేసి, "దూది గట్టిగా కరిచిపట్టు" అని ఒక్క పరుగు తీశాడు. దర్జీ తన పన్ను తనే కాగితంలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

అంత పరుగు ఎందుకంటే, వచ్చింది ఆయన నాణెం మరి. అదొక పాత వెండి నాణెం. మొదట దాన్ని ఒక కంపెనీకి పంపిస్తే, అక్కడి నిపుణులు భూతద్దం కింద పెట్టి చూసి, డెబ్బైకి అరవై అయిదు మార్కులేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇచ్చారు. మామూలు మనిషైతే అక్కడితో సంతోషించి బీరువాలో పెట్టుకునేవాడు. కానీ లోకంలో ఇంకో కంపెనీ కూడా ఉంది. మొదటివాళ్ళు వేసిన మార్కులు సబబేనా అని డబ్బా తెరవకుండా పైపైనే చూసి, సబబే అనిపిస్తే డబ్బా మీద చిన్న పచ్చ స్టిక్కరు అంటించడం దాని పని. అనిపించకపోతే అంటించదు, ఎందుకు అంటించలేదో చెప్పదు. ఎటొచ్చీ ఫీజు మాత్రం పుచ్చుకుంటుంది.

నాణేన్ని అక్కడికి పంపిస్తున్న రోజున భోజనాల దగ్గర భార్య అడగనే అడిగింది.

"వాళ్ళు నిపుణులైతే మళ్ళీ వీళ్ళెందుకండీ? వీళ్ళే నిపుణులైతే ముందు వాళ్ళ దగ్గరికి పంపడమెందుకు?"

"నీకు అర్థం కాదులే. ఎంత నిపుణుడికైనా ఉన్నవి రెండు కళ్ళే. ఒకరోజు నిద్ర చాలదు, ఒకరోజు పెళ్ళాంతో గొడవ. ఇంకో జత కళ్ళు పడితే తప్పు బయటపడుతుంది. తెలివైనవాడెవడూ ఒక్కడి మాట మీద ఆగిపోడు."

"మరి ఆ రెండో జత కళ్ళకి కూడా పెళ్ళాం ఉంటే?" అంది భార్య, గిన్నె జరుపుతూ. ఆయన వినిపించుకోలేదు.

వాళ్ళింట్లోనే ఉండే డాక్టరుగారి అక్క మాత్రం ఆ మాటలన్నీ శ్రద్ధగా విన్నది. ఆవిడది బస్టాండులో మైకు ముందు ఉద్యోగం. ఏ సర్వీసు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో పొద్దుటినుంచి సాయంత్రం దాకా చెబుతూనే ఉండాలి. చిన్నప్పుడు తమ్ముడి పాలపళ్ళన్నిటికీ దారం కట్టి లాగిన చెయ్యి కూడా ఆవిడదే.

ఇక పార్సిలు విప్పితే ఏముంది? స్టిక్కరు లేదు. డాక్టరు ఇల్లు పీకి పందిరేశాడు.

"ఇదుగో, ఈ గీత చూసే అంటించలేదు వీళ్ళు! గీత డబ్బా మీద ఉంది, నాణెం మీద కాదు! పైనున్న గీతకీ లోపలున్న గీతకీ తేడా తెలియని గుడ్డివాళ్ళు నిపుణులట!"

ఆ కోపం చల్లారకముందే అక్కకి ముందుపన్ను పోటు మొదలైంది. అంతకుముందు బీరువా తలుపు కొట్టుకుందట. తమ్ముడు ఎక్స్‌రే తీశాడు. వేరుకి అడ్డంగా సన్నటి గీత.

"పగిలిందక్కా. తీసేసి కట్టుడు పన్ను పెడతాను."

అక్క మొహం పాలిపోయింది. "సాయంత్రం సర్వీసు అనబోతే ఈల వస్తే నన్ను మైకు ముందు కూర్చోనిస్తారురా? ఇంకో జత కళ్ళు..."

"అక్కా! సొంత తమ్ముణ్ణి. నా మీదే నమ్మకం లేదా నీకు?"

ఆవిడ తల ఊపి లేచింది. పన్ను తీసే రోజు పొద్దున్నే బుద్ధిగా వచ్చి కుర్చీలో కూర్చుంది. డాక్టరు దీపం వెలిగించి, నోరు తెరవమన్నాడు. ముందుపంటి మీద నిగనిగలాడుతూ ఒక పచ్చ స్టిక్కరు ఉంది.

"ఏంటక్కా ఇది?"

"పళ్ళ మీద అంటించే స్టిక్కరేరా. పొద్దున తిన్న ఆపిల్ మీద నుంచి పీకాను. నువ్వూ పళ్ళ డాక్టరువే కదా, చెల్లుతుందిలే."

ఆవిడ స్టిక్కరు తీసి, సంచిలోంచి ఇంకో ఎక్స్‌రే తీసింది. తమ్ముడితో కలిసి చదువుకున్న, తమ్ముడి లెక్కలో దేనికీ పనికిరాని ఒక డాక్టరు దగ్గర తీయించింది. అందులో వేరు చక్కగా ఉంది. గీత లేదు.

"పంటికేం కాలేదట, దెబ్బకి వాచిందంతే, తగ్గిపోతుందన్నాడు. నీ ఎక్స్‌రే ప్లేటు ఒకసారి చూసుకోమన్నాడు. గీత ప్లేటు మీద ఉండి ఉంటుంది, పంటి మీద కాదు అన్నాడు. అచ్చం నువ్వు మొన్న అరిచినట్టే."

రోగులందరికీ నోట్లో పెట్టి ఫొటో తీసే ఆ ఒక్క ప్లేటుని డాక్టరు దీపం కింద తిప్పాడు. అడ్డంగా, వెంట్రుకంత గీత. మొదట ఆయనకి నవ్వొచ్చింది. అక్క పన్ను దక్కింది, పోయింది తన పరువొక్కటే, అదీ ఇంటిమనిషి దగ్గరే. ఆ నవ్వు సగంలో ఉండగానే దర్జీ గుర్తొచ్చాడు. దర్జీ ఎక్స్‌రే స్క్రీను మీదకి తెచ్చాడు. అదే గీత, అదే చోట.

"ఎవరిదిరా అది?" అంది అక్క. ఆయన చెప్పాడు. ఆవిడ ఇంక ఎగతాళి చెయ్యలేదు. "వెళ్ళు" అంది, అంతే.

కొట్లో దర్జీ గుండీలు కుడుతున్నాడు. డాక్టరుని చూడగానే లేచి స్టూలు తుడిచాడు.

"మీరు చెప్పబట్టి సరిపోయిందండీ. ఇంకొకరి దగ్గరికి పోయి అనవసరంగా తిరిగేవాణ్ణి." ప్రతి 'స' దగ్గరా సన్నగా ఈల వస్తోంది. గుండీల డబ్బాలోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. "ఆ పగులు ఎక్కడుందా అని ఎంత చూసినా నాకు కనపడలేదండీ. మనకేం తెలుస్తుంది? మీరు చూపించండి."

నాణేలు చూసే భూతద్దం డాక్టరు జేబులోనే ఉంది. తీసి చూశాడు. పన్ను అంచునుంచి వేరు కొసదాకా నున్నగా, గట్టిగా ఉంది. నాణెమైతే డెబ్బైకి డెబ్బై వేసేవాడు. ఇంత సిగ్గు ఆయన జన్మలో ఎరగడు.

"కనిపించిందాండీ?" దర్జీ ఆసక్తిగా ముందుకి వంగాడు.

"లేదండీ," అన్నాడు డాక్టరు. "మీ పన్ను పగల్లేదు. ఆ గీత నా ప్లేటు మీదిది. నేను చూసుకోలేదు. మీరు ఇంకొకరికి చూపించుకుంటానన్నా పోనివ్వలేదు."

దర్జీ పొట్లం మళ్ళీ మడిచి డబ్బాలో పెట్టి, సగంలో ఆపిన గుండీ అందుకున్నాడు. ముడి వేసి, దారం నోటిదాకా తీసుకెళ్ళి, గుర్తొచ్చి, కత్తెర కోసం వెతుక్కున్నాడు.